బెండు రెక్క

మా మనవడు అనుదీప్‌కు నల్లగొండ బదిలీ అయింది. కిరాయి ఇల్లు దొరికేదాకా నా దగ్గరే ఉంటానని వస్తూ రెండు సూట్‌కేసులు, ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చుకున్నాడు. సూట్‌కేసులను గదిలోకి విసిరేశాడు. అట్టపెట్టెను మాత్రం చంటిపిల్లను పడుకోబెట్టినట్టు నా భోజనాల బల్ల మీద పెట్టాడు. వాడు మా చిన్నమ్మాయి కొడుకు. బ్యాంకులో ఉద్యోగం. పెళ్లి మాట ఎత్తితే చాలు, ఫోను మోగినట్టు నటించి బయటికి పోయే రకం. ఆ పెట్టెలో ఏ వంటసామానో ఉందనుకుని సంతోషించాను. తీరా చూస్తే విమానం. అది కూడా విమానంలా లేదు, ఒక చట్రానికి అతుక్కుని ఉన్న బూడిదరంగు ప్లాస్టిక్ ముక్కలు. వాటిని కత్తిరించి, గీకి, అతికించి, రంగులేసి అచ్చం అసలు విమానంలాగే చేస్తాడట. బ్యాంకు నుంచి రాగానే కాళ్లు కూడా కడుక్కోకుండా దాని ముందు కూర్చుంటాడు. నేను పళ్లెం పట్టుకుని ఎక్కడ కూర్చుని తినాలిరా అంటే, "జర సోఫాల కూసోని తిను అమ్మమ్మా" అంటాడు. ఇదీ నా ఇంట్లో నా మర్యాద.

ఒక సాయంత్రం వాడు ఒక ముక్కను లైటుకు ఎత్తి పట్టుకుని, ఎదురుగా ఉన్న ఫోటోతో పోల్చి చూసి, మొహం చిట్లించాడు. "గిది తప్పున్నది అమ్మమ్మా. పెట్టెల ఇచ్చిందే తప్పు ఇచ్చిండ్రు. గిట్లనే అతికిస్తే సూసెటోళ్లకు ఏం తెల్వదు. కని నాకు తెలుస్తది గద!" అన్నాడు. ఏదో ఒకటి అడగాలి కాబట్టి ఏం విమానంరా అని అడిగాను. "డకోటా. పాతకాలంది, రెండింజన్లది" అన్నాడు. నా చేతిలో చాయ్ గ్లాసు ఉంది. దాన్ని కింద పెట్టి, ఆ జిగురు వాసన పడటం లేదని చెప్పి పెరట్లోకి వెళ్లిపోయాను. వాడు పాపం కిటికీలన్నీ తెరిచి, ఫ్యాను వేసి, బల్లను గోడ దాకా జరుపుకున్నాడు. వాసన ఏం చేసింది నన్ను! ఆ మాటను అదే విసుగుతో, అదే విమానం గురించి ఇంతకు ముందు ఒకసారి విన్నాను. విని ఒక జీవితకాలం అయింది. ఆ మాట అన్నది మా అన్న.

మా అన్న పేరు యాదగిరి. మా ఊరు దేవరకొండకు దగ్గర్లో, మిద్దె ఎక్కితే ఖిల్లా గుట్ట కనిపించేంత దూరంలో ఉండేది. జొన్నలు, ఆముదాలు పండించుకుని బతికే మెట్ట ఊరు. ఇంట్లో బాపు, అమ్మ, అవ్వ, అన్న, నేను. అన్నకూ నాకూ మధ్య పుట్టినవాళ్లు మిగల్లేదు. అందుకని అన్న నాకంటే చాలా పెద్దవాడు, నేను వాడికి ఆటబొమ్మను. మా ఇంటికి ఎప్పుడూ ఆముదపు వాసనే. అమ్మ ఆముదాలు దంచి ఉడికిస్తే ఆ నూనె వాసన గోడలకు, గొంగళ్లకు, చివరికి మేం తినే రొట్టెలకు కూడా పట్టేది. ఇప్పటి పిల్లలు ముక్కు మూసుకుంటారు గానీ నాకు మాత్రం ఆ వాసన వస్తే ఇంటికి వచ్చినట్టే ఉంటుంది. ఇంటి పెత్తనమంతా అవ్వది. బుగ్గలో పొగాకు పెట్టుకుని, అరుగు మీద కూర్చుని, లోపల అమ్మ కూరలో ఉప్పెంత వేసిందో చప్పుడు బట్టి చెప్పేది. బాపు ఊళ్లో అందరి మీదా అరిచేవాడు, అవ్వ దగ్గు వినపడితే గొంతు తగ్గించేవాడు.

అన్న పట్నంలో హాస్టల్లో ఉండి చదివేవాడు. నిజాం రాజ్యం అట్టుడికిపోతున్న రోజులు. చదువులు మానుకుని పిల్లలంతా బయటికి రావాలని పిలుపు వచ్చింది. తరగతులు ఖాళీ అయ్యాయి. అన్న కూడా ఊరికి వచ్చేశాడు. బండి దిగిన కొడుకు చేతిలో ట్రంకుపెట్టె చూసి అమ్మ ఏడ్చింది, చంకలో ఉన్న ఇంకో పెట్టె చూసి అవ్వ అనుమానపడింది. పట్నంలో పాత సామాన్ల బజారులో కొన్నాడట. సికింద్రాబాద్ లష్కర్ వదిలి తన దేశం పోతున్న ఏ తెల్ల సిపాయో అమ్ముకుని పోయిన పెట్టె అది. మూత మీద రెండింజన్ల విమానం బొమ్మ. లోపల కాగితంలాంటి పలుచటి చెక్క రేకులు, సన్నటి పుల్లలు, గట్టిపడిపోయిన జిగురు గొట్టం, ఒక పెద్ద పటం. పటంలో విమానం పై నుంచి ఎలా ఉంటుందో, పక్క నుంచి ఎలా ఉంటుందో గీసి ఉంది. ఎదురుగా నిలబడి చూస్తే ఎలా ఉంటుందో గీసిన మూల మాత్రం చినిగిపోయింది. చెక్క రేకుల్లో సగం ఆ సిపాయే వాడేసుకున్నాడు. "పైసలు వెట్టి సగం పెట్టె కొనుక్కొస్తివా? నిన్ను పట్నం వంపి సదివిచ్చింది గిందుకేనారా?" అని బాపు తలపట్టుకున్నాడు. "సగం ఉన్నది గద బాపూ, తక్కిన సగం నేను చేస్త" అన్నాడు అన్న.

అది అన్నంత తేలిక కాదని మాకు తర్వాత తెలిసింది. ఆ చెక్క ఎంత తేలికంటే, ఊదితే అరచేతి మీద నుంచి ఎగిరిపోయేది. అంత తేలిక చెక్క మా దగ్గర ఏ చెట్టుకూ లేదు. అన్న వేప తెచ్చాడు, మునగ తెచ్చాడు, కంది కట్టె కూడా చీల్చి చూశాడు. ఏది పెట్టినా రెక్క బరువుకు వాలిపోయేది. చివరికి ఒకరోజు అటక మీద దేనికోసమో వెతుకుతుంటే అవ్వ దాచిన మూట దొరికింది. విప్పితే జీలుగు బెండు. చెరువుల్లో పెరిగే జీలుగును కోసి, తోలు తీసి, ఎండబెడితే లోపల ఉండే తెల్లటి బెండు. మా దిక్కు పెళ్లిలో వధూవరుల నుదుట కట్టే బాసింగాలను దానితోనే చేస్తారు. పైన రంగు కాగితాలు అంటిస్తారు. గుర్రంపోడు దిక్కు ఒక పిల్లను చూసి అన్నకు మాట అనుకున్నారు. రోజులు బాగాలేక పెళ్లి ఆగింది గానీ అవ్వ మాత్రం బెండు ముందే తెప్పించి, పురుగు పట్టకుండా వేపాకు వేసి దాచింది. అన్న ఒక ముక్క తీసి కత్తితో కోశాడు. వెన్నలా తెగింది. ఆ మూటతో అటక మీంచి దూకినవాడు నేరుగా నా ముందుకు వచ్చాడు. "సత్తీ, దొరికిందే!" అని నన్ను ఎత్తి తిప్పాడు.

అవ్వకు ఆ సాయంత్రమే తెలిసిపోయింది. ఆవిడ అరుపులు ఊరవతల దాకా వినబడ్డాయి. "ఓరి నీ చేతులు పడిపోను! నీ పెండ్లికని దాస్తిరా అది! నుదుటికి కట్టుకునే బెండును గాలిమోటరుకు వెడ్తవురా?" అన్నది. అన్న ఆవిడ వెనక చేరి మెడ చుట్టూ చేతులు వేసి, "పెండ్లికి మల్ల తెద్దాంతీ అవ్వా. సెర్ల జీలుగు అయిపోయిందా? పిల్ల ఎటు వోతది, బెండు ఎటు వోతది?" అన్నాడు. అవ్వ వాడి చెయ్యి విదిలించుకుంది. కానీ మూట వెనక్కి అడగలేదు. రాత్రి అన్నం పెడుతూ, రెక్కలు వాలకుండా నిలబడుతున్నాయా అని అడిగింది కూడా.

ఇక ఇంట్లో అందరికీ పని పడింది. జిగురుకు తుమ్మబంక కావాలంటే ఎల్లయ్య, మా ఇంట్లో జీతమున్నవాడు, గొడ్లు కాయబోయిన చోట గిల్లి తెచ్చేవాడు. బెండును నున్నగా రుద్దటానికి గరుకు ఆకులు తెచ్చేవాడు. చాట అంచు నుంచి చీల్చిన వెదురుతో ఇంజన్ల ముందు తిరిగే పంకాలయ్యాయి. కుంకుడు గింజలను అరగదీస్తే చక్రాలయ్యాయి. రెక్కలకు కాగితం అంటించేది నేను. పెట్టెలో వచ్చిన కాగితం చాలక పతంగుల కాగితం తెప్పించుకున్నాం. గంజితో అంటించి, చాకలివాళ్లు ఇస్త్రీకి ముందు చేసినట్టు నోట్లో నీళ్లు పోసుకుని తుంపరగా ఊదాలి. తడిసినప్పుడు ముడతలు పడి ఏడుపొచ్చేటట్టు కనిపించేది, ఆరినాక మాత్రం డప్పు తోలులా బిగుసుకునేది. నా అంత సన్నగా ఊదటం అన్నకు రాలేదు. వాడు ఊదితే వాన కురిసినట్టే. ఆ విద్య నాదేనని ఇప్పటికీ చెప్పుకుంటాను, చెప్పుకోవటానికి ఎవరూ లేకపోయినా.

కానీ అన్నకు తృప్తి అనేది లేదు. పటంలో ఉన్నట్టు చేసి ఊరుకుంటే అది అయిపోయేది. తలుపు గీత గీసి వదిలెయ్యమని పటంలో ఉంటే, వాడు తలుపు తెరుచుకునేటట్టు చేశాడు. కిటికీలకు అభ్రకం రేకులు పెట్టాడు. తోక వెనక రెప్పను దారంతో కదిలేటట్టు కట్టాడు. ఇంజన్ల మూతలు ఒకటికి రెండుసార్లు చెక్కి పారేశాడు. అన్నీ కుదిరినా ఒక్కటి మాత్రం వాడిని తిననివ్వలేదు. రెక్కలు ఎదురుగా చూస్తే ఎలా ఉంటాయి? కొద్దిగా పైకి లేచి ఉంటాయని తెలుసు. ఎక్కడి నుంచి లేస్తాయి? ఆ మూల చినిగిపోయింది. బేగంపేటలో కంచె అవతల నిలబడి వాడు చూసిన విమానాలన్నీ పక్కకు తిరిగి ఉన్నవే. చివరికి అంచనాగా నడుమ నుంచే లేపి అతికించాడు. దూరంగా పెట్టి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. "గిది తప్పున్నదే సత్తీ. ఏడనో తెల్వదు, కని తప్పున్నది" అన్నాడు. "ఎవలు సూస్తరే అన్నా?" అన్నాను. "నేను సూస్త గద" అన్నాడు.

ఇదంతా బయట జరుగుతున్నదానికి దూరంగా జరిగిందనుకుంటే పొరపాటు. రజాకార్లు ఫలానా ఊరు తగలబెట్టారని కబురు వస్తే మా ఊళ్లో ఆ పూట ఎవరి ఇంట్లోనూ పొయ్యి వెలిగేది కాదు. పొగ చూసి వస్తారని భయం. మగవాళ్లు వడిసెలలు, గుత్పలు పట్టుకుని వంతులవారీగా కాపలా ఉండేవాళ్లు. అన్న కూడా కాపలాకు పోయేవాడు. తిరిగొచ్చి, వడిసెల మూలకు ఆనించి, బెండు ముక్క చేతిలోకి తీసుకునేవాడు. ఆ వేళ్లు అప్పుడు కూడా వణికేవి కావు. మీ అన్నకు భయం లేదా అని నన్ను ఎవరో అడిగితే అన్నకే చెప్పాను. "భయం లేకేం? గీ పని చేస్తున్నంత సేపు యాదికి రాదు" అన్నాడు.

ఒక పొద్దున వాళ్లు నిజంగానే వస్తున్నారని గుట్ట మీద కాపలావాళ్లు కేక వేశారు. బాపు మొదట అడిగింది విమానం గురించే. "అది ఏడ వెట్టినవురా? ఆ గీతల కాయిదం సూస్తె ఏం నక్ష అనుకుంటరో ఏమో, ఇల్లు నేలమట్టం చేస్తరు!" అన్నాడు. పెద్ద గంపలో పాత చీరలు పరిచి, విమానాన్ని, పటాన్ని అందులో పెట్టి, పాతరలోకి దించుదామని అన్న అన్నాడు. పాతర అంటే జొన్నలు దాచుకునే గొయ్యి. కుండలాగా నోరు సన్నగా, లోపల వెడల్పుగా, మనిషి నిలువు కంటే లోతుగా తవ్వుతారు. మూతికి బండ పరిచి, మట్టి మెత్తి, పేడతో అలికేస్తే అక్కడ గొయ్యి ఉందని కొత్తవాడు కనిపెట్టలేడు. మాది కొట్టంలో ఉండేది, దాని మీద గొడ్లను కట్టేసేవాళ్లం. ఆరోజు అదృష్టంకొద్దీ జొన్నలు తియ్యటానికని ముందే తెరిచి ఆరబెట్టి ఉంది. అన్న దిగి, జొన్నల మీద గంపను మెల్లగా పెట్టి వచ్చాడు. బండ వేసి, అలికి, ఎడ్లను కట్టాం. వాళ్లు వచ్చారు. ఇంట్లో గాదెలు ఊడ్చుకుని, అమ్మ ఇత్తడి బిందెలు పట్టుకుని, బాపును కొట్టి పోయారు. పాతర జోలికి మాత్రం రాలేదు. అన్న జొన్నచేలో పడుకుని బతికాడు.

పాతర తెరవటానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఆ పద్ధతి తప్పితే అవ్వ దేవుణ్ణి కూడా క్షమించేది కాదు. పొద్దున్నే బండ తీసి, పొద్దెక్కేదాకా ఎవరూ దాని మొహం చూడకూడదు. తర్వాత తాడుకు ఆముదపు దీపం కట్టి లోపలికి దించాలి. దీపం కింద దాకా వెలుగుతూ పోతేనే మనిషి దిగాలి. ఆరిపోతే ఆరోజుకు జొన్నలు లేవు, ఉన్నదేదో తిని పడుకోవాలి. అదేదో పాతర తల్లికి మొక్కు అనుకునేదాన్ని. అన్ననే నాకు విడమరచి చెప్పాడు. మూసిపెట్టిన గింజ ఊపిరి పీల్చుకుని చెడ్డ గాలి వదులుతుందని, తడి తగిలితే ఇంకా ఎక్కువ వదులుతుందని, ఆ గాలిలో దీపం నిలవదని, దీపం నిలవని చోట మనిషీ నిలవడని. అంత బాగా తెలుసు వాడికి. తెలిసినవాడు కాబట్టే నా గుండె ఇప్పటికీ ఊరుకోదు.

ఆ గంప పాతరలో ఉండగానే వానలు పడ్డాయి. వానల్లోనే యూనియన్ మిలటరీ వచ్చిందని కబురు వచ్చింది. కొద్దిరోజుల్లోనే అంతా అయిపోయిందన్నారు. రజాకార్లు బట్టలు మార్చుకుని పారిపోతున్నారన్నారు. ఊరు ఊరంతా చావడి దగ్గర చేరింది. డప్పులు మోగాయి. ఎవరో జెండా కుట్టి తెచ్చారు. బాపు, అమ్మ, అవ్వ అందరూ అక్కడికే పోయారు. అవ్వ పోతూపోతూ అన్నకు ఒక చురక వేసి పోయింది. "రోజులు మంచిగైనయి. ఇగ పిల్లోళ్లకు కబురంపుత. బెండుకు ఏ సెర్ల దిగుతవో దిగు, కొడకా!" అన్నది. అన్న నవ్వాడు. ఎండ వచ్చిందని ఇద్దరం మిద్దె మీద తడిసిన కంది పొట్టు ఆరబోస్తున్నాం. డప్పులు ఇక్కడికే వినబడుతున్నాయి.

అప్పుడు వచ్చింది. ఖిల్లా గుట్ట వెనక నుంచి, నేరుగా మా మిద్దె మీదికే వస్తున్నట్టు, కిందుగా, ఎదురుగా. రెండింజన్లు. నేను చెవులు మూసుకుని కూర్చుండిపోయాను. అన్న నిలబడే ఉన్నాడు. అది మా తల మీది నుంచి పోయి కనబడకుండా అయ్యేదాకా నిలబడి, నా వైపు తిరిగాడు. వాడి మొహం అట్లా వెలగటం నేను అంతకు ముందు చూడలేదు. రెండు చేతులూ చాచి, మోచేతుల దాకా బారుగా పట్టి, అక్కడి నుంచి పైకి వంచాడు. "సూసినవా సత్తీ! నడుమ సాపుగనే ఉన్నది! ఇంజన్ల కాడికి సాపు, ఇంజన్లు దాటినంక లేస్తాంది! గదీ సంగతి! నడుమ నుంచి గాదు!" అని అరిచాడు. చేతులు అట్లాగే పట్టుకుని మెట్లు దిగాడు. "ఇంజను పక్కన కోసి, లేపి అతికిస్త. ఇప్పుడే సెయ్యాలె, కండ్లల్ల ఉన్నప్పుడే" అంటున్నాడు.

కొట్టంలో ఎడ్లు లేవు, ఎల్లయ్య మేపటానికి తోలుకుపోయాడు. అన్న పేడ గీకి, బండ పక్కకు దొర్లించాడు. పుల్లటి వాసన గుప్పుమంది. "అవ్వ రానీ అన్నా. దీపం దింపాలె" అన్నాను. "నువ్వు దీపం తే. నువ్వు తెచ్చేవరకు నేను బావిల మునిగొచ్చినట్టు వొచ్చేస్త. ఒక్క ఊపిరి పని" అన్నాడు. మోట బావిలో ఎవరి చెంబు పడినా మునిగి తీసేది మా అన్నే. అడుగున ఎంతసేపు ఉండేవాడంటే, పైన ఆడవాళ్లు ఏడుపు మొదలుపెట్టేవాళ్లు. వాడు తేలి నవ్వేవాడు. ఆ ధీమానే. నేను నవ్వుతూ వంటింట్లోకి పోయాను. పొయ్యిలో నిప్పు బూడిద కింద ఉంది. గొట్టంతో ఊది, పుల్ల అంటించి, దీపం వెలిగించుకుని, గాలికి ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చాను.

కొట్టంలో ఎవరూ లేరు. తాడు కొస గుంజకు కట్టి ఉంది, తాడు లోపలికి వేలాడుతోంది. అన్నా అని పిలిచాను. పలకలేదు. పలక్కుండా ఏడిపించటం వాడికి అలవాటే. "దీపం తెచ్చిన, ఇగ వాడుకో" అని, పాతర నోటి దగ్గర కూర్చుని దీపాన్ని ఇంకో తాడుకు కట్టి దించాను. అది మెడ దాటగానే ఆరిపోయింది. గాలి కూడా వీయలేదు. ఊరికే ఆరిపోయింది.

నా కేకలకు, అప్పుడే ఎడ్లను తోలుకొస్తున్న ఎల్లయ్య పరిగెత్తుకొచ్చాడు. చావడి నుంచి బాపు, జనం వచ్చారు. ఎల్లయ్య గుంజకు కట్టిన తాడు పట్టుకుని లాగాడు. తాడు తేలిగ్గా వచ్చింది. అంత తేలిగ్గా రావటం చూసి బాపు కూలబడ్డాడు. తాడు చివర గంప ఉంది. అన్న తనకు కట్టుకోవాల్సిన తాడును గంపకు కట్టాడు. విమానం కొంచెం కూడా నలగలేదు. ముడి గట్టిగా ఉంది, బాగా బిగించాడు. దానికే ఆ ఒక్క ఊపిరీ అయిపోయింది. తిరిగి ఎక్కటానికి మిగల్లేదు. తర్వాత గొంగళి దించి తీసి, దించి తీసి చెడ్డ గాలిని తోలారు. ఎల్లయ్య మూతికి తడిబట్ట చుట్టుకుని, నడుముకు తాడు కట్టుకుని దిగి అన్నను పైకి పంపాడు. ఒంటి మీద చిన్న గాయం లేదు. జుట్టులో జొన్నగింజలు ఉన్నాయి. అమ్మ వాటిని ఒక్కొక్కటే ఏరుతూ కూర్చుంది, ఏడవను కూడా లేదు.

పెళ్లికాని పిల్లవాడిని ఒంటిగా సాగనంపకూడదని మా దిక్కు ఒక ఆచారం. జిల్లేడు కొమ్మతో పెళ్లి జరిపించి, నుదుట బాసింగం కట్టి పంపుతారు. అవ్వ ఒక్కతే నిలబడి ఉంది ఆ ఇంట్లో. "నా పిలగాడు గట్ల వోవద్దు. జిల్లేడు తేండ్రి. బెండు తేండ్రి" అన్నది. జిల్లేడు తెచ్చారు. బెండు మాత్రం ఏ ఇంట్లోనూ దొరకలేదు. ఆ ఏడు ఎవరు పెళ్లిళ్లు చేశారు గనక? పొద్దు వాలుతోంది. అందరి కళ్లూ గంప మీదికి పోయాయి. ఎవరికీ చెయ్యి ఆడలేదు. బాపు మొహం తిప్పుకున్నాడు. నేనే పోయి విమానం ఒళ్లో పెట్టుకున్నాను. నేను ఊదిన కాగితం ఇంకా బిగుతుగానే ఉంది. కత్తి తీసుకుని ఎడమ రెక్క కోశాను. ఎక్కడ పడితే అక్కడ కొయ్యలేదు. ఇంజన్ దాటిన తర్వాత, అన్న కోస్తానన్న చోటే కోశాను. అవ్వ ఆ బెండుతో బాసింగం చేసి, మిగిలిన పతంగి కాగితం అంటించి, మనవడి నుదుట కట్టింది. "నేను దాసిన బెండే. గిందుకు దాసిన్నా నేను?" అని అప్పుడు ఏడ్చింది. ఆవిడ అంత పెద్దగా ఏడవగలదని నాకు తెలియదు.

ఆ తర్వాత రోజులు బాగుపడ్డాయా అంటే, ఏమని చెప్పను? రజాకార్లు పోయాక మిలటరీ క్యాంపులు పడ్డాయి. నిన్న దాక్కున్నవాళ్లే మళ్లీ దాక్కోవాల్సి వచ్చింది. ఊళ్లో ఇంకొందరు పోయారు. చాలా ఏళ్లకు వాళ్ల పేర్లతో స్తూపం కడుతూ, అన్న పేరు కూడా చెక్కిద్దామని పెద్దమనుషులు వచ్చారు. బాపు ఒప్పుకోలేదు. "మావోడు లడాయిల సావలేదు. అబద్ధం రాయొద్దు" అన్నాడు. వాళ్లు పోయాక మాత్రం, మరి దేనికి చచ్చిండే నా కొడుకు అని గోడను అడిగాడు. పాతర పూడ్చేశాం. మా ఇంట్లో మళ్లీ పాతర తవ్వలేదు. ఒంటి రెక్క విమానాన్ని అవ్వ అటక మీద పెట్టింది. ఒకసారి నేను పుట్టింటికి పోయినప్పుడు చూస్తే కాగితమంతా పురుగు తిని పుల్లలు మిగిలాయి. గుర్రంపోడు పిల్లకు వేరే పెళ్లి చేశారని విన్నాను. ఆవిడను నేనెప్పుడూ చూడలేదు, ఇప్పటికీ చూడాలని ఉంటుంది.

ఇప్పుడు వీడి బల్ల మీద అన్నీ ఉన్నాయి. ఎన్ని రకాల జిగుర్లు, ఎన్ని రంగులు, ఎంత సన్నటి కత్తులు! ఎదురుగా, పక్కగా, కింద నుంచి, పై నుంచి తీసిన ఫోటోలన్నీ ఫోనులోనే ఉన్నాయి. వేలితో పెద్దవి చేసుకుని చూస్తాడు. ఇంతటి దానికి మా అన్న మిద్దె మీద నిలబడి చూడాల్సి వచ్చింది. అసూయ కాదు. వీడికి దొరికినందుకు సంతోషమే.

నిన్న సాయంత్రం నేనే పోయి వాడి ఎదురు కుర్చీలో కూర్చున్నాను. వాడు ఆశ్చర్యపోయి, వాసన వస్తుందేమోనని జిగురు సీసా మూత పెట్టాడు. రెక్కలు ఇంకా అతికించలేదు. ముక్కలు విడివిడిగా ఉన్నాయి. "ఒక్కసారి పెట్టి సూపియ్యిరా" అన్నాను. వాడు నడిమి ముక్కను విమానం ఒంటికి ఆనించి, దానికి రెండు పక్కలా రెక్కలను జాగ్రత్తగా పట్టుకుని నా ఎదురుగా ఎత్తాడు. నేను అద్దాలు సరిచేసుకుని, వేలు నడుమ పెట్టి మెల్లగా జరిపాను. ఇంజన్ దాకా సాపుగా ఉంది. ఇంజన్ దాటాక లేచింది. వేలు అక్కడే ఆగిపోయింది.

"గీడికెల్లి లేస్తది గద" అన్నాను.

వాడు కళ్లు పెద్దవి చేశాడు. "అవు! శానమందికి గది తెల్వదు అమ్మమ్మా, నడుమ నుంచే అనుకుంటరు. నీకెట్ల తెలుసు?"

"మా అన్న సూసిండు బిడ్డా" అన్నాను.